సపోర్ట్ క్లాస్‌కు చోటెక్కడ? ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేముల్లో పాతికేళ్లుగా తేలని లెక్క

క్లుప్తంగా: ఈ గేముల్లో క్లాస్ అంటే ఆటగాడు ఎంచుకునే పాత్ర రకం, పార్టీ అంటే కలిసి ఆడే జట్టు. ట్యాంక్ దెబ్బలు కాస్తాడు, హీలర్ ప్రాణం నిలబెడతాడు, డీపీఎస్ (డ్యామేజ్, అంటే నష్టం చేసేవాడు) శత్రువును చంపుతాడు. ఈ మూడూ కాకుండా మిగతావాళ్ల బలం పెంచడం, శత్రువుల బలం తగ్గించడమే పనిగా ఉన్న నాలుగో రకం క్లాస్ ఒకటుంది. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో అది లేకుండా పార్టీ కదిలేది కాదు. పదేళ్లు తిరిగేసరికి పెద్ద గేముల్లో దాదాపు మాయమైంది. 2023లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దాన్ని ఒక స్పెక్ (క్లాస్‌లోని ఉపరకం) రూపంలో తిరిగి తెచ్చి పెద్ద చర్చకే తెరతీసింది. సపోర్ట్ ఆడేవాళ్లు లేరన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ అది సగమే నిజం. ఒకప్పుడు రకరకాల చిక్కులు విప్పిన ఈ పాత్ర, తర్వాత్తర్వాత 'అందరి డ్యామేజీకి ఇంత శాతం' అన్న ఒక్క లెక్కకు కుదించుకుపోవడమే అసలు సమస్య.

ఒక స్పెక్ రేపిన చర్చ

2023 జులైలో వచ్చిన 10.1.5 ప్యాచ్‌తో వార్‌క్రాఫ్ట్‌లోని ఎవోకర్ క్లాస్‌కు ఆగ్మెంటేషన్ అనే మూడో స్పెక్ చేరింది. 2004లో గేమ్ మొదలైనప్పటి నుంచి ప్రతి స్పెక్‌నూ ట్యాంక్, హీలర్, డీపీఎస్ అనే మూడు రకాల్లో ఏదో ఒకదానిలో పెట్టేవాళ్లు, దీన్ని మాత్రం డీపీఎస్ సీటులో కూర్చోబెట్టి సపోర్ట్ పని అప్పగించారు. ఎబన్ మైట్ అనే స్పెల్ దగ్గర్లో ఉన్న నలుగురు సహచరుల ప్రధాన స్టాట్‌ను (బలాన్ని కొలిచే అంకెను) పెంచుతుంది. ప్రెసియన్స్ ఎంచుకున్న సహచరుడి క్రిటికల్ ఛాన్స్‌ను (దెబ్బ మామూలు కంటే గట్టిగా పడే అవకాశాన్ని) పెంచుతుంది. వీటికితోడు ట్యాంక్‌కు అదనపు రక్షణ ఇచ్చే స్పెల్స్ కూడా ఉన్నాయి.

ఎక్కువ రోజులు పట్టలేదు, పై స్థాయి మిథిక్ ప్లస్ డంజియన్లలో (ఐదుగురి పార్టీ ఆడే, కష్టం పెరుగుతూ పోయే పోరాటాల్లో) ఆగ్మెంటేషన్ లేని పార్టీ కనపడటమే అరుదైపోయింది. గేమ్ తయారీ సంస్థ బ్లిజార్డ్ దాని అంకెల్ని ఒకసారి కాదు, పలుమార్లు తగ్గించింది. అయినా మామూలు పార్టీల్లో ఆడేవాళ్ల ఫిర్యాదు ఇంకోలా ఉంది: మాతో వచ్చే ఆగ్మెంటేషన్ వల్ల ఏం లాభమో కనిపించడం లేదు, ఎవరెంత డ్యామేజ్ చేశారో చూపే మీటర్‌లో కింద ఉంటున్నాడు, ఇతని బదులు ఇంకో మేజ్‌ను (డ్యామేజ్ చేసే మంత్రగాణ్ణి) తీసుకుంటే పోయేది కదా అని. ఒకే స్పెక్, ఒకే ప్యాచ్, ఒక చోట తప్పనిసరి, ఇంకో చోట దండగ. పైకి పొంతన లేనట్టు కనిపించే ఈ రెండు మాటలూ నిజమే. ఎలాగో అర్థం కావాలంటే ముందు ఈ పాత్ర ఎక్కడ పుట్టిందో, ఏం చేసేదో చూడాలి.

మొదట్లో సపోర్ట్ చేసిన పనులు

ఎవర్‌క్వెస్ట్‌లో పార్టీ అంటే ఆరుగురు. ఇవాళ ట్యాంక్, హీలర్, డీపీఎస్‌లను కలిపి 'హోలీ ట్రినిటీ' అంటున్నారు గానీ, ఆ రోజుల్లో ఆ గేమ్ ఆటగాళ్ల నోట ఆ మాట వస్తే అది వారియర్ (ట్యాంక్), క్లెరిక్ (హీలర్), ఎన్‌చాంటర్ (సపోర్ట్). డ్యామేజ్ చేసేవాళ్లు ఎవరైనా దొరుకుతారు, ఎన్‌చాంటర్ దొరకడమే కష్టం.

ఎన్‌చాంటర్ ఎందుకంత ముఖ్యం? ఒక రాక్షసుణ్ణి కదిలిస్తే వాడి వెనక ఇంకో ముగ్గురు వచ్చేవాళ్లు. వారియర్ ఒకణ్ణి పట్టుకోగలడు, మహా అయితే ఇద్దరిని. మిగిలినవాళ్లు క్లెరిక్ మీద పడితే ఆ పార్టీ పని అయిపోయినట్టే. ఎన్‌చాంటర్ ఆ మిగిలినవాళ్లను ఒక్కొక్కరినీ మెస్మరైజ్ చేసి నిలబెట్టేవాడు. ఎవరైనా పొరపాటున ఒక దెబ్బ వేస్తే ఆ మంత్రం విడిపోతుంది, కాబట్టి ఎవరు నిద్రలో ఉన్నారో, ఎవరి గడువు ఎప్పుడు అయిపోతుందో, ముందు ఎవర్ని చంపాలో అతనే గుర్తుపెట్టుకుని అందరికీ చెప్పాలి. ఒక్క సెకను ఆలస్యమైతే పార్టీ మొత్తం పోతుంది, చచ్చిపోతే సంపాదించిన అనుభవంలో కొంత పోతుంది, శవం దగ్గరకు మళ్లీ నడిచి వెళ్లి సామాను తెచ్చుకోవాలి. కాబట్టి ఆ ఒక్క సెకనుకు విలువ చాలా ఎక్కువ.

రెండోది మానా, అంటే మంత్రాలు వేయడానికి ఖర్చయ్యే శక్తి. మంత్రగాళ్లకు మానా తిరిగి నిండాలంటే నేల మీద కూర్చుని ఎదురుచూడాలి, మొదట్లో తక్కువ లెవెల్ వాళ్లకైతే ఆ కాసేపు తెర నిండా స్పెల్ పుస్తకమే కనపడేది. ఎన్‌చాంటర్ ఇచ్చే క్లారిటీ అనే బఫ్ (తోటివాళ్లకు మేలు చేసే మంత్రం) ఆ నిరీక్షణను తగ్గించేది. అంటే అతను ఇస్తున్నది బలం కాదు, సమయం. మూడోది స్లో. షామన్లు, ఎన్‌చాంటర్లు బాస్ దాడి వేగాన్ని సగానికి మించి తగ్గించగలిగేవాళ్లు, ఆ మేరకు హీలర్ మీద భారం తగ్గేది. బార్డ్‌లు పాటల్ని ఒకదాని వెంట ఒకటి తిప్పుతూ పార్టీ పరుగు వేగం దగ్గర్నుంచి మానా దాకా అన్నిటికీ కొంచెం కొంచెం సాయం చేసేవాళ్లు.

2002లో జపాన్‌లో మొదలైన ఫైనల్ ఫాంటసీ 11లో కూడా ఇదే కథ. రెడ్ మేజ్ 41వ లెవెల్‌లో రిఫ్రెష్ నేర్చుకున్నాక పార్టీ ఆహ్వానాలకు కొదవ ఉండేది కాదు, బార్డ్‌కూ అంతే, మరోవైపు కొన్ని డ్యామేజ్ జాబ్‌ల వాళ్లు పార్టీ కోసం గంటల తరబడి ఎదురుచూసేవాళ్లు. 2001 నాటి డార్క్ ఏజ్ ఆఫ్ కేమెలాట్‌లో రాజ్యాల మధ్య యుద్ధం ఆటకు కేంద్రం కాబట్టి ఎనిమిది మంది గుంపును పరుగెత్తించే పాట ఉన్న క్లాస్ లేకపోతే శత్రువు గుంపును అందుకోవడమూ కుదరదు, తప్పించుకోవడమూ కుదరదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నియంత్రణ, మానా, వేగం, స్లో, వీటిలో ఏదీ నేరుగా డ్యామేజ్ కాదు. సపోర్ట్ లేని పార్టీ నెమ్మదిగా గెలవడం కాదు, చాలా చోట్ల అసలు గెలిచేదే కాదు.

అప్పుడే కనపడిన పగుళ్లు

ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చెప్పుకోవడం కొంచెం ఎక్కువే. డార్క్ ఏజ్ ఆఫ్ కేమెలాట్‌లోనూ, 2003లో కొరియాలో వచ్చిన లీనియేజ్ 2లోనూ ఒక అలవాటు విపరీతంగా పాకింది: రెండో అకౌంట్ తెరిచి, అందులో బఫ్‌లు ఇచ్చే క్యారెక్టర్‌ను పెంచి, ఒక పక్కన నిలబెట్టి ఉంచడం. ఆటగాళ్లు వీటిని బఫ్‌బాట్‌లు అనేవాళ్లు. లీనియేజ్ 2లో ప్రాఫెట్ ఇచ్చే బఫ్‌లు 20 నిమిషాలు ఉండేవి, అంటే ఇరవై నిమిషాలకోసారి కిటికీ మార్చి కొన్ని బటన్లు నొక్కితే చాలు, మిగతా సమయమంతా ఆ క్యారెక్టర్ దగ్గర మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే. అదే గేమ్‌లో స్వోర్డ్‌సింగర్ పాటలు, బ్లేడ్‌డాన్సర్ నృత్యాలు రెండే నిమిషాలు ఉండేవి, కాబట్టి వాళ్లు పార్టీతో పాటు కదలాల్సి వచ్చేది.

ఒక పనిని ఒకసారి నొక్కి వదిలేయగలిగితే ఆ పని చేసే మనిషి అనవసరం అవుతాడు. ఈ విషయం అప్పుడే తేలిపోయింది. ఎన్‌చాంటర్ మెస్మరైజ్‌ను ఎవరూ బఫ్‌బాట్‌కు అప్పగించలేదు, కుదరదు కూడా, ఎందుకంటే ప్రతిసారీ పరిస్థితి వేరు. అప్పగించిందల్లా మారని అంకెల్ని పెంచే బఫ్‌లనే. లీనియేజ్ 2 కూడా చివరికి 2011 నాటి విస్తరణలో తన ముప్పైకి పైగా ఉన్న క్లాసుల్ని ఎనిమిదికి కుదించినప్పుడు, చెల్లాచెదురుగా ఉన్న బఫర్లందరినీ ఇస్ ఎన్‌చాంటర్ అనే ఒకే క్లాస్‌లోకి చేర్చింది.

శాతం లెక్క ఎందుకు కుదరదు

ఇప్పుడు అసలు చిక్కు. సపోర్ట్ పని అంతా డ్యామేజ్ శాతంగా మారిందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక్కో డీపీఎస్ 100 డ్యామేజ్ చేస్తాడు, సపోర్ట్ సొంతంగా 20 మాత్రమే చేస్తాడు అనుకుందాం.

నలుగురి పార్టీలో ముగ్గురు డీపీఎస్, ఒక సపోర్ట్. సపోర్ట్ బదులు నాలుగో డీపీఎస్‌ను తీసుకుంటే మొత్తం 400. దాన్ని అందుకోవాలంటే సపోర్ట్ మిగతా ముగ్గురి ద్వారా 80 తేవాలి, అంటే ఒక్కొక్కరికి దాదాపు 27 శాతం. సరే, 27 ఇద్దాం. ఇప్పుడు అదే క్యారెక్టర్‌ను ఇరవై మంది రైడ్‌లో (పెద్ద బాస్‌లతో పోరాడే పెద్ద గుంపులో) పెట్టి, బఫ్ అందరికీ అందేలా చేస్తే? పంతొమ్మిది మందికి 27 చొప్పున 500 పైనే. ఒక్క మనిషి ఐదుగురి విలువ చేస్తాడు. రైడ్‌లో న్యాయంగా ఉండాలంటే శాతం నాలుగు దగ్గరకు దించాలి, అప్పుడు చిన్న పార్టీలో అతను పనికిరాడు. అందుకే ఎబన్ మైట్ నలుగురికే పరిమితం, గిల్డ్ వార్స్ 2లో బూన్‌లు (ఆ గేమ్‌లో బఫ్‌ల పేరు) ఎక్కువగా ఐదుగురికే పరిమితం. ఇది కథలోంచి వచ్చిన నియమం కాదు, లెక్క తెచ్చిన నియమం.

తర్వాతిది ఇంకా మొండిది. సపోర్ట్ విలువ ఎదుటివాళ్ల ఆటను బట్టి మారుతుంది. పైన చెప్పిన 27 శాతం ఇచ్చే ఆటగాడు, ఒక్కొక్కరు 60 మాత్రమే చేసే ముగ్గురితో చేరితే అతని వల్ల పార్టీకి వచ్చేది సుమారు 69. అదే మనిషి డీపీఎస్‌గా వస్తే 100 తెచ్చేవాడు. ఒక్కొక్కరు 130 చేసే ముగ్గురితో చేరితే మాత్రం అతని విలువ 125 దాటుతుంది. అంటే బాగా ఆడే సపోర్ట్ మామూలు పార్టీలో నష్టం, గొప్ప పార్టీలో లాభం. ఆగ్మెంటేషన్ గురించి వచ్చిన రెండు వ్యతిరేక ఫిర్యాదులూ ఎందుకు నిజమో ఈ ఒక్క లెక్కే చెబుతుంది. పై స్థాయిని చూసి అంకె తగ్గిస్తే కింద ఆడేవాళ్లకు ఆ స్పెక్ మరీ చప్పబడుతుంది, కిందివాళ్లను చూసి పెంచితే పైన అది లేనిదే పార్టీ కట్టరు. రెండు చోట్లా సరిపోయే ఒక్క అంకె లేదు.

మూడోది బఫ్‌లు ఒకదాని మీద ఒకటి పోగుపడటం. దీనికి సిటీ ఆఫ్ హీరోస్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2004లో వచ్చిన ఆ గేమ్‌లో సమాన స్థాయి శత్రువు దెబ్బ తగిలే అవకాశం 50 శాతం. డిఫెన్స్ ఎంత ఉంటే అందులోంచి అంత తీసేస్తారు, ఎంత తగ్గినా 5 శాతం కంటే దిగదు. డిఫెన్స్ 40 ఉంటే వందలో పది దెబ్బలు తగులుతాయి, 45 ఉంటే ఐదు. చివరి ఐదు పాయింట్లు అందుకునే నష్టాన్ని ఒక్కసారిగా సగం చేస్తాయి. ఇద్దరు ముగ్గురు డిఫెండర్లు (ఆ గేమ్‌లో ఒక సపోర్ట్ క్లాస్) బఫ్‌లు పోగేస్తే హీలర్‌తో పనిలేదు, ట్యాంక్‌తోనూ అంత పనిలేదు, ఎనిమిది మందీ సపోర్ట్ క్లాసులే ఉన్న జట్లు గేమ్‌లోనే అతి బలమైనవాటిలో చేరేవి. ఆ గేమ్ అభిమానులు దీన్ని ఇప్పటికీ ప్రేమగా తలచుకుంటారు, వాళ్ల ఆనందం నిజమైనదే. ఎవరు ఎవరితో చేరినా ఆట సాగే స్వేచ్ఛ అందులో ఉంది. కానీ కఠినమైన బాస్ పోరాటాల మీద బతికే గేమ్ ఇంత పోగుపడటాన్ని భరించలేదు, ఎందుకంటే బాస్‌ను ఏ బలానికి తగ్గట్టు చేయాలో తేలదు.

వార్‌క్రాఫ్ట్ పంచేసిన సొత్తు

వార్‌క్రాఫ్ట్ 2004లో మొదలైనప్పుడు ప్రత్యేక సపోర్ట్ క్లాస్ లేదు గానీ సపోర్ట్ పని బోలెడు ఉంది. పాలడిన్ బ్లెస్సింగ్‌లు ఇచ్చేవాడు, షామన్ టోటెమ్‌లు పాతేవాడు, అదీ ఒకరు అలయన్స్ పక్షంలో, ఇంకొకరు హోర్డ్ పక్షంలో మాత్రమే. 2007 నాటి ద బర్నింగ్ క్రూసేడ్‌లో రెండు పక్షాలకూ రెండు క్లాసులూ దక్కాయి, రైడ్ 25 మందికి దిగింది, అయితే చాలా బఫ్‌లు ఐదుగురి ఉపపార్టీకే అందేవి. దాంతో రైడ్ లీడర్ పని సీట్లు సర్దడమే అయింది: మానా పంచే షాడో ప్రీస్ట్ మంత్రగాళ్ల పార్టీలో, విండ్‌ఫ్యూరీ టోటెమ్ ఉన్న షామన్ కత్తివాళ్ల పార్టీలో. షాడో ప్రీస్ట్ సొంత డ్యామేజ్ తక్కువైనా ఎవరూ అడిగేవాళ్లు కాదు, అందరికీ అతని విలువ తెలుసు. అదే సమయంలో లెదర్‌వర్కింగ్ వృత్తితో తయారయ్యే డోళ్లు పార్టీ వేగం పెంచుతాయని రైడ్‌లో సగం మంది ఆ వృత్తినే పట్టుకోవాల్సిన పరిస్థితీ వచ్చింది. ఇది శ్రుతి మించిందని ఒప్పుకోవాలి.

2008 చివర్లో వచ్చిన రాత్ ఆఫ్ ద లిచ్ కింగ్ ఈ ముడిని ఒక్క దెబ్బతో కోసేసింది. బఫ్‌లు రైడ్ మొత్తానికి అందేలా చేశారు, ఒకే రకం బఫ్‌లు ఒకదాని మీద ఒకటి పోగుపడకుండా ఆపారు, ఒక్కో రకాన్ని రెండు మూడు క్లాసులకు పంచారు. క్లాస్‌ను కాదు, ఆటగాణ్ణి తీసుకురండి అన్నది అప్పటి డిజైనర్ల సూత్రం. స్నేహితుడు ఏ క్లాస్ ఆడినా రైడ్‌కు తీసుకెళ్లగలగడం చాలా మందికి పెద్ద ఊరట. కాకపోతే పంచేసిన సొత్తుకు యజమాని లేడు. అందరూ తలా కొంచెం సపోర్ట్ చేస్తున్నారు కాబట్టి సపోర్ట్ అనే మనిషి అక్కర్లేదు. అందరి వేగాన్ని కాసేపు పెంచే బ్లడ్‌లస్ట్ మొదట షామన్ సొత్తు, 2010లో టైమ్ వార్ప్ పేరుతో మేజ్‌కూ వచ్చింది, ఆ తర్వాత ఇంకొన్ని క్లాసులకూ చేరింది. షామన్ లేకపోయినా రైడ్‌కు లోటు లేదు, షామన్‌కు మాత్రం గర్వంగా చెప్పుకునేది ఒకటి తగ్గింది.

మీటర్‌లో కనిపించని పని

డ్యామేజ్ మీటర్ ప్రభావాన్ని తక్కువ అంచనా వేస్తే ఈ చర్చ అర్థం కాదు. పోరాటం అయ్యాక ఒక పట్టిక వస్తుంది, అందులో ఎవరి పేరు పక్కన ఎంత ఉందో అదే వాళ్ల మాటకు బరువు. సపోర్ట్ చేసిన సాయం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. బఫ్ అందుకున్న మేజ్ తానే బాగా ఆడాననుకుంటాడు, బఫ్ ఇచ్చినవాడు కింద ఉంటాడు. పార్టీలోంచి ఎవర్ని తీసేయాలన్న మాట వచ్చినప్పుడు వేళ్లు అటే చూపిస్తాయి.

ఆగ్మెంటేషన్ వచ్చాక బ్లిజార్డ్ పోరాట లాగ్‌లోనే మార్పు చేయాల్సి వచ్చింది: ఒక దెబ్బలో ఎంత భాగం ఇంకొకరి సాయం వల్ల వచ్చిందో విడిగా నమోదు చేసే పద్ధతి చేర్చారు, దాన్ని వాడి లాగ్ సైట్లు ఆ వాటాను తిరిగి ఎవోకర్ పేరు మీద వేస్తున్నాయి. ఫైనల్ ఫాంటసీ 14 ఆటగాళ్ల లాగ్ సైట్లలో ఆర్‌డీపీఎస్ అనే కొలత చాలా ముందు నుంచే ఇదే పని చేస్తోంది, ఇతరుల బఫ్‌ల వల్ల వచ్చినదాన్ని తీసేసి, ఆ బఫ్ ఇచ్చినవాళ్లకు కలుపుతుంది. ఇవి మంచి మార్పులే, సపోర్ట్‌కు దక్కాల్సిన గుర్తింపు కొంత దక్కింది. అయితే ఈ కొలతలు కూడా సపోర్ట్‌ను డ్యామేజ్ భాషలోకే అనువదిస్తున్నాయి. చనిపోవాల్సిన ట్యాంక్ చనిపోకపోవడం, గది అవతల నుంచి రావాల్సిన రాక్షసుల గుంపు రాకుండా ఆగిపోవడం ఏ అంకెలోనూ పడవు. జరగని నష్టాన్ని లెక్కపెట్టే మీటర్ ఇంకా లేదు.

క్యూలో నాలుగో గడి

వార్‌క్రాఫ్ట్ 2009 డిసెంబర్‌లో డంజియన్ ఫైండర్ తెచ్చింది. బటన్ నొక్కితే చాలు, ఒక ట్యాంక్, ఒక హీలర్, ముగ్గురు డీపీఎస్ చొప్పున గేమే పార్టీ కట్టేస్తుంది. ట్యాంకులు చాలక క్యూలు పెరగడంతో 2011లో కొరతగా ఉన్న పాత్రకు అదనపు బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టారు. రెండు ప్రత్యేక పాత్రలకే ఇంత కష్టం ఉంటే మూడోదాన్ని చేర్చితే ఏమవుతుంది? ఐదుగురి పార్టీకి ఒక సపోర్ట్ తప్పనిసరి అనుకుంటే, క్యూలో ఉన్న ప్రతి వంద మందిలో ఇరవై మంది సపోర్ట్ అయి ఉండాలి. ఎనిమిది మందే ఉంటే ఎనిమిది పార్టీలే కుదురుతాయి, నలభై మంది ఆడతారు, అరవై మంది ఎదురుచూస్తారు. తప్పనిసరి కాదు అంటే ఇంకో సమస్య: ఆ క్లాస్ కాస్త బలంగా ఉంటే ఆటగాళ్లే దాన్ని తప్పనిసరి చేస్తారు, కాస్త బలహీనంగా ఉంటే ఎవరూ పిలవరు.

ఈ సాహసం చేసిన గేమ్ లేకపోలేదు. 2011లో వచ్చిన రిఫ్ట్ సపోర్ట్‌ను నాలుగో అధికారిక పాత్రగా పెట్టింది, ఐదుగురి డంజియన్‌కు దానికో గడి ఇచ్చింది. అది కొంతవరకు నడవడానికి కారణం, ఒకే క్యారెక్టర్‌తో పాత్ర మార్చుకునే వీలు: రోగ్ అనే క్లాస్ తనకు నచ్చిన సోల్స్ (క్లాస్‌ను మలచే భాగాలు) కలుపుకుని కాసేపు బార్డ్ అవుతాడు, కాసేపు హంతకుడవుతాడు. సపోర్ట్ అంటే జీవితాంతం కట్టుబడి ఉండాల్సిన నిర్ణయం కాదు, ఆ పూటకు తీసుకున్న డ్యూటీ.

ఒంటరి ఆట ఇచ్చే ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. ఇప్పటి గేముల్లో పై లెవెల్ చేరేదాకా ఎక్కువ భాగం ఒంటరిగానే ఆడాలి, పక్కన ఎవరూ లేనప్పుడు ఇతరుల బలం పెంచే క్లాస్ ఏం చేస్తుంది? లాస్ట్ ఆర్క్‌లో బార్డ్, పాలడిన్‌లకు సపోర్ట్ దారి ఒకటి, డ్యామేజ్ దారి ఒకటి ఉన్నాయి. ఆ గేమ్‌లో పార్టీ నలుగురు, అందులో ఒకరు సపోర్ట్ అన్నది రివాజు. సపోర్ట్‌గా వచ్చినవాళ్లకు పార్టీ ఇట్టే దొరుకుతుంది, డీపీఎస్ వాళ్లు లాబీలో సపోర్ట్ కోసం ఎదురుచూస్తారు. ఇరవై ఏళ్ల కిందట రెడ్ మేజ్ కోసం చూసిన ఎదురుచూపులే ఇవి.

మూడు గేములు, మూడు దారులు

గిల్డ్ వార్స్ 2 కథలో మలుపులు ఎక్కువ. 2012లో ట్రినిటీనే వద్దంది, ఎవరి ప్రాణం వాళ్లే కాచుకోవాలంది. ఫలితంగా డంజియన్లలో అందరూ డ్యామేజ్ సామాను వేసుకుని బాస్ మీద పడటమే పద్ధతి అయింది. 2015లో రైడ్‌లు తెచ్చేసరికి పాత్రలు వాటంతట అవే పుట్టాయి, పని వేగం పెంచే క్విక్‌నెస్, కూల్‌డౌన్ (ఒక స్పెల్‌ను మళ్లీ వాడటానికి ఆగాల్సిన సమయం) తగ్గించే అలాక్రిటీ రెండూ ఇవ్వగల క్రోనోమ్యాన్సర్ లేకుండా పది మంది స్క్వాడ్ కట్టేవాళ్లే కారు. ఒక బూన్ ఐదుగురికే కాబట్టి ఒక్కరు చాలరు, ఇద్దరు కావాలి. 2022 జూన్ మార్పుల్లో వారియర్ బ్యానర్లు, రేంజర్ స్పిరిట్‌ల ప్రత్యేక బఫ్‌లు తీసేసి, క్విక్‌నెస్, అలాక్రిటీలను రకరకాల క్లాసులకు విస్తరించారు. ఇప్పుడు స్క్వాడ్ పిలుపుల్లో క్లాస్ పేరు అడగరు, అలాక్ హీలర్ కావాలి, క్విక్ డీపీఎస్ కావాలి అంటారు. అంటే పాత్ర బతికింది, దానికి క్లాస్‌తో ఉన్న ముడి తెగింది. మూడు దారుల్లో ఇది అన్నిటికన్నా ఆచరణకు దగ్గరగా ఉంది, వార్‌క్రాఫ్ట్ చేసినట్టు పని మాయం కాలేదు, పాత కాలంలోలా ఒకే క్లాస్ కోసం పడిగాపులూ లేవు.

ఫైనల్ ఫాంటసీ 14 దారి వేరు. ఎనిమిది మందిలో ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు హీలర్లు, నలుగురు డీపీఎస్, సపోర్ట్‌కు విడి సీటు లేదు. బార్డ్, డాన్సర్ డీపీఎస్ సీటులో కూర్చుని పార్టీకి బఫ్‌లు ఇస్తారు. ఒకప్పుడు బార్డ్ పాటలు మానాను కూడా తిరిగి ఇచ్చేవి, హీలర్ రకానికి చెందిన ఆస్ట్రోలోజియన్ కార్డులు ఒక్కోటి ఒక్కో రకం ఫలితం ఇచ్చేవి. 2019 విస్తరణకల్లా ఆ కార్డులన్నీ డ్యామేజ్ పెంచేవిగా మారాయి. 2021 డిసెంబర్‌లో వచ్చిన ఎండ్‌వాకర్‌లో బఫ్‌ల కూల్‌డౌన్‌లను చాలావరకు రెండు నిమిషాలకు సర్దారు. దాంతో రెండు నిమిషాలకోసారి అందరూ బఫ్‌లు ఒకేసారి వేసి, ఉన్న బలమంతా ఆ పదిహేను ఇరవై సెకన్లలో కుమ్మరించడం ఆట లయ అయిపోయింది. చక్కగా కుదిరినప్పుడు అందులో ఒక ఉత్సాహం ఉంటుంది, కాదనలేం. కానీ సపోర్ట్ ఆటగాడు తీసుకునే నిర్ణయం ఏది? గడియారం చూసి నొక్కడం తప్ప ఎక్కువ మిగలలేదు. నియంత్రణ పోయింది, మానా పోయింది, ఎవరికి ఏ కార్డు అన్న తర్జనభర్జన చాలావరకు పోయింది, చివరికి మిగిలింది శాతం. శాతం మిగిలినచోట పైన చెప్పిన లెక్కల తిప్పలన్నీ తయారు.

మూడోది లాస్ట్ ఆర్క్. సీటు ఖాయం చేసింది, పార్టీని నలుగురికే ఉంచింది, ఎనిమిది మంది రైడ్‌లో కూడా బఫ్‌లు ప్రధానంగా సొంత పార్టీకే అందేలా చేసింది. లెక్క స్థిరంగా ఉంటుంది కాబట్టి అంకెలు నిలబడతాయి. సమయానికి వేసిన షీల్డ్ ఒక ప్రాణాన్ని కాపాడుతుంది కాబట్టి నిర్ణయమూ మిగిలింది. దాని ధర క్యూ.

ఇక ముందు

ఆగ్మెంటేషన్ తర్వాత 2024లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ విస్తరణలో రెండో సపోర్ట్ స్పెక్ చేర్చలేదు. ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని కొంచెం బలహీనంగా ఉంచడం తప్ప డిజైనర్లకు సురక్షితమైన మార్గం లేదు, పక్కన ఇంకో రెండు సపోర్ట్ స్పెక్‌లుంటే పోల్చి సర్దుకోవచ్చు, కానీ అప్పుడు నాలుగో గడి ప్రశ్న నేరుగా ఎదురవుతుంది. పెద్ద గేమ్ ఈ ముడి విప్పడానికి త్వరపడే అవకాశం తక్కువ.

మరోవైపు మనిషి చేయాల్సిన సపోర్ట్ పనిని గేమ్ నడిపే సహచరులకు అప్పగించే ధోరణి బలపడుతోంది. ఎవర్‌క్వెస్ట్ 2008లోనే కిరాయి సహచరుల్ని తెచ్చింది, ఫైనల్ ఫాంటసీ 11 2013లో ట్రస్ట్‌లనే సహచరుల్ని తెచ్చింది, వార్‌క్రాఫ్ట్‌లో 2024 జనవరి నుంచి గేమ్ నడిపే సహచరులతో ఆడే ఫాలోవర్ డంజియన్లు ఉన్నాయి. ఫైనల్ ఫాంటసీ 11లో ఇప్పుడు ఒంటరి ఆటగాడికి రిఫ్రెష్ ఇచ్చే ట్రస్ట్ దొరుకుతుంది, ఎవరి కోసమూ నగరంలో నిలబడి అరవక్కర్లేదు. బఫ్‌బాట్ చేసిన పనినే గేమ్ అధికారికంగా తలకెత్తుకుంది. ఇలాంటి సహచరులు బాగా చేసేది గడువు చూసి బఫ్‌ను తిరిగి వేయడం, అంటే శాతం పని. నలుగురు రాక్షసులు ఒకేసారి మీదపడినప్పుడు ఎవర్ని నిద్రపుచ్చాలి, ఎవర్ని వదిలేయాలి, హీలర్ మానా అడుగంటుతోందని గమనించి పార్టీని కాసేపు ఆపాలా వద్దా అన్నది వాటికి అప్పగించడం ఇంకా కష్టమే. సపోర్ట్ క్లాస్‌కు కొత్తగా సీటు ఇవ్వాలనుకునే గేమ్ ముందున్న పని, బాస్‌ల ఆరోగ్యం అంకెను పెంచడం కాదు, అలాంటి సందర్భాలను పోరాటాల్లోకి తిరిగి తేవడం.